వక్త, శ్రోత, మూడోమనిషి: ఎన్నికల సందేశం గురించి

ఎన్నికల ప్రచారంలో వెలువడే రాతను సాహిత్య విమర్శకులు పట్టించుకోవలసిన అవసరం లేదని మనలో చాలామంది అనుకుంటారు. కరపత్రం, గోడరాత, నినాదం, ఇవన్నీ ఆ పూటకు పనికివచ్చే సరుకనీ, కాలం తుడిచివేసేదానితో విమర్శకు పనిలేదనీ వారి వాదన. శుద్ధ కళావాదులు ఈ మాట అంటే ఆశ్చర్యం లేదు. సాహిత్యానికీ ప్రచారానికీ మధ్య గోడ లేదని దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన అభ్యుదయ విమర్శకులు గూడా ఆచరణలో ఇదే వైఖరి తీసుకోవడం ఆలోచించవలసిన విషయం. ఈనాడు తెలుగు ప్రజలు నిత్యం చదువుతున్న గద్యం ఏది? కథ కాదు, నవల కాదు, దినపత్రిక సంపాదకీయం అంతకన్నా కాదు. సెల్‌ఫోన్ తెరమీదికి వచ్చే నాలుగైదు వాక్యాల సందేశం. పదో తరగతితో చదువు ఆపేసిన మా ఊరి ట్రాక్టరు డ్రైవరు ఏడాదికొక పుస్తకం ముట్టడు గాని, ఇటువంటి సందేశాలు రోజుకు పాతిక చదువుతాడు, నచ్చినవాటిని పదిమందికి పంపుతాడు. ఎన్నికలు దగ్గరపడిన కొద్దీ వాటిలో రాజకీయం పాలు పెరుగుతుంది. ఇంతమంది చదువుతున్న గద్యం గురించి విమర్శకుడు నోరు విప్పకపోతే, లోపం ఆ గద్యానిది కాదు.

ఈ సందేశాలలో ఏది నిజమో ఏది అబద్ధమో తేల్చే పనిలో కొందరున్నారు. అది మంచి పనే. ఈ వ్యాసం దాని గురించి కాదు. నిజానిజాలకంటే ముందు అడగవలసిన ప్రశ్నలు వున్నాయి. ఈ మాట ఎవరు అంటున్నారు? ఎవరితో అంటున్నారు? ఇంకెవరు వినకుండా అంటున్నారు? ‘పారదర్శకత’ అనే మాటను పత్రికలు టెండర్లకూ బదిలీలకూ వాడి వాడి అరగదీశాయి. ఎన్నికల సందేశం విషయంలో ఈ మూడు ప్రశ్నలకు ఓటరుకు జవాబు దొరకడమే పారదర్శకత అని నేను అర్థం చెప్పుకుంటున్నాను. ఇందులో మొదటి ప్రశ్న గురించే చట్టాలూ చర్చలూ ఎక్కువ. నా ఉద్దేశంలో మూడోది అసలైనది.

ఆలంకారికుల మీద మనకు పెద్ద గౌరవం లేదు. రాజాస్థానాల నీడలో పెరిగిన వారి సౌందర్యదృష్టిని మనం విమర్శించిన తీరు సరైనదే. ఐనా భాషను పరిశీలించడంలో వారు తయారుచేసిన పనిముట్లు కొన్ని ఈనాటికీ పదును తగ్గలేదు. మమ్మటుడు కావ్యప్రకాశం మూడో ఉల్లాసంలో, ఒక మాట పైకి చెప్పే అర్థంతోబాటు మరో అర్థాన్ని ఎట్లా సూచిస్తుందో వివరిస్తూ, అందుకు తోడ్పడే విశేషాలను ఏకరువు పెట్టాడు. మాట్లాడే వక్త ఎవరు, ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నాడు, గొంతులోని విరుపు ఏమిటి, సందర్భమేది, చోటేది, వేళ ఏది, ఇవన్నీ ఆ జాబితాలో వున్నాయి. వీటి మధ్య ‘అన్యసన్నిధి’ అనేది ఒకటుంది. అంటే చెప్పేవాడూ వినేవాడూ కాక మూడోమనిషి దగ్గరలో వుండడం. కోడలు పొరుగింటామెతో అంటున్న మాట అత్త చెవిన పడే దూరంలో వుంటే, ఆ మాటకు అర్థం వేరు. అత్త ఊళ్లో లేనప్పుడు అదే మాటకు అర్థం వేరు. ఎం.ఏ. పరీక్షకు బట్టీపట్టి ఆ మరునాడే మరిచిపోయే ఈ జాబితాను దగ్గర పెట్టుకుని ఎన్నికల సందేశాన్ని చూడవచ్చు.

మొదట వక్త సంగతి. మన ఎన్నికల చట్టం వక్త ఎవరో తెలియాలని చాలాకాలం కిందటే గుర్తించింది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1961లో చేర్చిన 127ఎ సెక్షన్ ప్రకారం, ముద్రాపకుని పేరు, చిరునామా, ప్రచురణకర్త పేరు, చిరునామా లేకుండా ఎన్నికల కరపత్రంగాని పోస్టరుగాని అచ్చువేయడం నేరం. అంతటితో ఆగలేదు. ప్రచురణకర్త తాను ఫలానా అని సంతకం చేసి, తనను స్వయంగా ఎరిగిన ఇద్దరిచేత సాక్షి సంతకాలు పెట్టించి, రెండు ప్రతులు ప్రెస్సువాడికి ఇవ్వాలి. ప్రెస్సువాడు అందులో ఒక ప్రతినీ అచ్చయిన కాగితాన్నీ కలిపి రాజధానిలోనైతే ముఖ్య ఎన్నికల అధికారికీ, మరోచోటనైతే జిల్లా మేజిస్ట్రేటుకూ పంపాలి. తప్పితే ఆరు నెలలవరకు జైలు, లేదా రెండువేల రూపాయలవరకు జరిమానా, లేదా రెండూ. పోస్టరు అడుగున కంటికి ఆనీ ఆనని అక్షరాలలో ప్రెస్సు పేరూ ఊరి పేరూ వుండే ఆ ఒక్క వరుస వెనుక ఇంత కథ వుంది.

ఈ సెక్షన్‌లో నాకు ముచ్చట గొలిపేది ‘అచ్చు’కు చెప్పిన నిర్వచనం. చేతితో నకలు రాయడం తప్ప, ప్రతుల సంఖ్య పెంచే ఏ ప్రక్రియ అయినా అచ్చు కిందే లెక్క అన్నారు. అంటే చేతితో పది నకళ్లు రాసి పంచిన రైతుకూలీని నీ పేరేమిటని ఈ సెక్షన్ అడగదు. యంత్రం వున్నవాడినీ, యంత్రానికి డబ్బు కట్టగలిగినవాడినీ అడుగుతుంది. ఈ చట్టం రాసినవారికి వర్గదృక్పథం వున్నదని నేననను గాని, గీత గీయవలసిన చోటనే గీశారు. ఈ గీతతో మనకు మళ్లీ పని పడుతుంది.

టెలివిజన్ విషయంలో తగవు మన దగ్గరే పుట్టింది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనలు రాజకీయ ప్రకటనలను మొత్తంగా నిషేధించాయి. 2004 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదన్నది. జెమినీ టెలివిజన్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లింది. రాజకీయ ప్రకటనను ప్రసారానికి ముందు కమిటీకి చూపించి, దాని ఖర్చు తెలియజేసి, ధ్రువపత్రం తీసుకోవాలని ఆ ఏడాది ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఈనాడు దేశమంతటా నడుస్తున్న ముందస్తు ధ్రువీకరణ పద్ధతి అక్కడ మొదలైనదే. 2013 అక్టోబరు 25న ఎన్నికల సంఘం ఈ పద్ధతిని ఇంటర్నెట్‌లోని సామాజిక మాధ్యమాలకు గూడా వర్తింపజేసింది. అభ్యర్థి తన ఖాతాల వివరాలు అఫిడవిట్‌లో రాయాలి. అక్కడ పెట్టిన ఖర్చును, ఆ పని చేసే సిబ్బంది జీతాలతో సహా, లెక్కల్లో చూపాలి.

ఐతే ఆ ఉత్తర్వులోనే పెద్ద కంత ఒకటి మిగిలింది. అభ్యర్థీ కాక పార్టీ కాక మరెవరో పెట్టే ప్రచారం సంగతేమిటి? ఆ విషయం ప్రభుత్వశాఖతో సంప్రదింపులలో వున్నదని మాత్రమే సంఘం అప్పుడు చెప్పింది. గోడమీద పోస్టరు అంటించేవాడు ఎవరైనా పేరు వేయక తప్పని దేశంలో, తెరమీద పోస్టరు అంటించేవాడు ‘నేను పార్టీ కాదు’ అంటే చాలు. 2019 లోక్‌సభ ఎన్నికలకు ముందు ఫేస్‌బుక్, గూగుల్ కంపెనీలు తమంతట తాము ఒక ఏర్పాటు చేశాయి: రాజకీయ ప్రకటన మీద దానికి డబ్బు కట్టినవారి పేరు వుంటుంది, ఆ ప్రకటనలన్నీ ఎవరైనా చూడగలిగే భాండారంలో నిలువ వుంటాయి. ఇది మేలే. కాని ఆ పేరు ఎటువంటిది? 2022 మార్చిలో ‘రిపోర్టర్స్ కలెక్టివ్’ అనే పాత్రికేయ బృందం వెలువరించిన పరిశోధనలో, 2019 ఫిబ్రవరి నుంచి 2020 నవంబరు వరకు ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వచ్చిన 5,36,070 రాజకీయ ప్రకటనలను పరిశీలించారు. తమ పార్టీ సంబంధం చెప్పుకోని, లేదా అసలు ఎవరో ఆనవాలు దొరకని 23 మంది ప్రకటనకర్తలు 34,884 ప్రకటనలకు 5 కోట్ల 80 లక్షలకు పైగా కట్టారనీ, వాటిలో అధికభాగం బీజేపీకి అనుకూలమో ప్రత్యర్థులకు ప్రతికూలమో అనీ అందులో తేలింది. ఇది ఒక్క పక్షానికి పరిమితమైన రోగం అనుకుంటే పొరపాటు. 2019 ఏప్రిల్ 1న ఫేస్‌బుక్ తొలగించిన 687 పేజీలూ ఖాతాలూ కాంగ్రెసు ఐటీ విభాగంతో సంబంధమున్న వ్యక్తులవని ఆ కంపెనీయే ప్రకటించింది. అవి తమ సంబంధాన్ని దాచి నడిచినవే.

మన తెలుగు పాఠకుడికి ఏ పత్రిక ఏ పక్షమో, ఏ ఛానలు ఎవరిదో బాగా తెలుసు. పేరు చూసి, ఎంత నమ్మాలో అంతే నమ్ముతాడు. మన పత్రికల పక్షపాతాన్ని ఎంతైనా తిట్టవచ్చు గాని, అది తెలిసిన పక్షపాతం. పాఠకుడి చేతిలో వున్న ఈ చిన్న ఆయుధాన్ని ఆనవాలు లేని పేజీ లాగేసుకుంటుంది. ‘మన ఊరి ముచ్చట్లు’, ‘రైతన్న గోడు’ వంటి పేరు పెట్టుకుని నాలుగు నెలలు వంటలూ వానలూ పండుగలూ చెప్పి, అయిదో నెలలో ఓటు సంగతి ఎత్తుకునే పేజీని ఏ పక్షంలో కట్టాలి?

వాట్సాప్‌లో ఈ పేరు గూడా వుండదు. పిల్లలకు కర్తరి, కర్మణి వాక్యాలు చెప్పేటప్పుడు, కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని ప్రతి ఉపాధ్యాయుడూ చెబుతాడు. తెలుగువాడు ‘అన్నం తిన్నాను’ అంటాడు గాని ‘నాచేత అన్నం తినబడినది’ అనడు. మూకహత్యల తర్వాత 2018 జులైలో వాట్సాప్ కంపెనీ, ఒకరి నుంచి మరొకరికి దాటివచ్చే సందేశాల మీద ఒక గుర్తు వేయడం మొదలుపెట్టింది. మనదేశంలో ఒక సందేశాన్ని ఒక్కసారిగా అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. చాలా చేతులు మారినదానికి 2019లో రెండు బాణాల గుర్తు వచ్చింది. ఆ గుర్తును తెలుగులో చెప్పుకుంటే, ‘అనేకసార్లు ఫార్వర్డ్ చేయబడింది’. ఎవరిచేత? కర్తకు చోటులేని వాక్యం అది. సందేశం ఎంత దూరం నడిచిందో చెబుతుంది గాని, ఎక్కడ బయలుదేరిందో చెప్పదు. పైగా దాన్ని మనకు పంపినవాడు మన బావమరిదో తోటి ఉపాధ్యాయుడో అయివుంటాడు. రాసినవాడు తెరమరుగున వుండగా, నమ్మకం మాత్రం బావమరిది ఖాతాలో నుంచి ఖర్చవుతుంది.

ప్రభుత్వం పేరుతో వచ్చే సందేశం మరో రకం. 2024 మార్చి 16న లోక్‌సభ ఎన్నికల ప్రకటన వెలువడిన తర్వాత గూడా ‘వికసిత భారత్ సంపర్క్’ పేరుతో ప్రధానమంత్రి లేఖ వాట్సాప్‌లో జనానికి చేరుతూనే వుంది. దాన్ని వెంటనే ఆపమని ఎన్నికల సంఘం మార్చి 21న సంబంధిత మంత్రిత్వశాఖను ఆదేశించింది. ప్రవర్తనా నియమావళి రాకముందే పంపామనీ, వ్యవస్థలోని పరిమితులవల్ల కొన్ని ఆలస్యంగా చేరాయనీ ఆ శాఖ చెప్పిన సమాధానం. ఇక్కడ వక్త పేరు దాగలేదు. ఆ వక్త పాలకుడుగా మాట్లాడుతున్నాడా, అభ్యర్థిగానా అనేది దాగింది. మమ్మటుడి జాబితాలో వక్త పక్కన కాలం గూడా ఎందుకు వుందో ఈ ఉదాహరణ చూస్తే అర్థమవుతుంది.

ఇక మూడోమనిషి. మన బుర్రకథను గుర్తుచేసుకోండి. మధ్యలో కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పే వంత, మరో పక్క రాజకీయం చెప్పే వంత. ఆ వంతకు పేరే ‘రాజకీయం’. కథ ఏ కాలానిదైనా వర్తమానం మీద విసురు విసరడం అతని పని. షేక్ నాజర్ వంటి కళాకారులు ప్రజానాట్యమండలిలో ఈ రూపాన్ని పదునెక్కించినప్పుడు, అది ప్రచారమని ఎవరూ దాచలేదు. వేదిక మీద రాజకీయం ఎవరు చెబుతున్నారో ఊరంతటికీ కనపడుతూనే వుంది. అంతకంటే ముఖ్యం, ఊరంతా ఒకేచోట కూచుని వింటున్నది. భూస్వామి పాలేరు విన్న మాటే భూస్వామి గుమాస్తా గూడా విన్నాడు. నచ్చనివాడు లేచి తగువాడాడు, రాయి విసిరాడు, పోలీసులకు చెప్పాడు. గోడ పోస్టరు గూడా ఇటువంటిదే. అది ఎవరికోసం రాసినా దారిన పోయే ప్రతివాడూ చదువుతాడు. ఎదిరి పక్షంవాడు చదివి పక్క గోడమీద జవాబు అంటిస్తాడు. అన్యసన్నిధి ఆ రూపాలలోనే వుంది.

డబ్బు కట్టి ఫోన్లకు పంపే ప్రకటన ఈ సన్నిధిని తొలగిస్తుంది. వయసు, ఊరు, భాష, అభిరుచి, దగ్గరున్న ఫోన్ నెంబర్ల జాబితా, వీటి ఆధారంగా ఎవరికి కనపడాలో నిర్ణయించవచ్చు. అంటే ఎవరికి కనపడకూడదో గూడా అక్కడే నిర్ణయమైపోతుంది. ఒకే అభ్యర్థి తరఫున కౌలురైతుల ఫోన్లకు కౌలుచట్టం గట్టిగా అమలు చేస్తామన్న సందేశం, పట్టాదారుల ఫోన్లకు మీ భూమికి ఏ చట్టమూ అడ్డురాదన్న సందేశం ఒకే గంటలో పోవచ్చు. రెండూ విడివిడిగా అబద్ధం కాకపోవచ్చు. వాటిని పక్కపక్కన పెట్టి చూసే మనిషి లేకపోవడమే అక్కడి మోసం. ఎదిరి పక్షం జవాబు చెప్పదు, ఎందుకంటే దానికి ఆ మాట కనపడలేదు. విలేఖరి రాయడు, కారణం అదే.

ఇది కొత్తదేమీ కాదని కొందరంటారు. పాతకాలపు గ్రామ నాయకుడు మాత్రం ఒక వాడలో ఒకమాట, మరో వాడలో మరోమాట చెప్పలేదా? బూత్ ఏజెంటుకు ఏ ఇంట్లో ఏ కులమో, ఎవరికి ఎవరితో పొలంగట్టు తగాదా వుందో తెలియదా? తెలుసు, చెప్పాడు గూడా. కాని ఆ నాయకుడికి ముఖం వుంది. ఒక వాడ మాట మరో వాడకు చేరవేసే చాకలి బాన దగ్గర, టీ బంకు దగ్గర, బోరింగు దగ్గర అతని రెండు నాలుకలూ ఎదురెదురు పడేవి. అతను రెండు వందల ఇళ్లు తిరిగేసరికి కాళ్లు నొప్పి పుట్టేవి. యంత్రానికి కాళ్లనొప్పి లేదు, రచ్చబండ భయమూ లేదు. పరిమాణం పెరిగి ఒక దశలో గుణం మారుతుందని మనం సభల్లో తరచు చెప్పే సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టడం లేదు.

ఈ జాబితాలు ఎక్కడివి అనే ప్రశ్న ఇక్కడే వస్తుంది. 2018లో బయటపడిన కేంబ్రిడ్జి అనలిటికా వ్యవహారంలో, సుమారు 8 కోట్ల 70 లక్షల మంది ఫేస్‌బుక్ వివరాలు అక్రమంగా చేతులు మారివుండవచ్చునని కంపెనీయే ఒప్పుకుంది. మనదేశంలో అందుకు కారణమైన యాప్‌ను పెట్టుకున్నవారు 335 మంది మాత్రమే. వారి స్నేహితుల ద్వారా వివరాలు పోయివుండగలవారితో కలిపితే ఆ సంఖ్య 5,62,455. మన రాష్ట్రాల అనుభవం చూడండి. 2019 మార్చిలో, అప్పటి ఆంధ్రప్రదేశ్ పాలకపక్షమైన తెలుగుదేశం కార్యకర్తలు వాడే ‘సేవామిత్ర’ యాప్‌లోకి ఓటర్ల వివరాలు అక్రమంగా చేరాయన్న ఫిర్యాదుమీద హైదరాబాదులో పోలీసు కేసు నడిచింది. ఆ పార్టీ ఆరోపణను ఖండించి, తమ సమాచారాన్నే ప్రత్యర్థులకోసం దొంగిలించారని ఎదురు ఆరోపణ చేసింది. 2024 మార్చి 30న, తర్వాతి పాలకపక్షం హయాంలో 50 ఇళ్లకొకరు చొప్పున నియమితులైన వాలంటీర్లు పింఛన్లు పంచరాదనీ, వారికిచ్చిన ఫోన్లూ ట్యాబులూ జిల్లా ఎన్నికల అధికారికి అప్పగించాలనీ ఎన్నికల సంఘం ఆదేశించింది. ఇందులో ఎవరిది ఎంత తప్పన్నది నేను తేల్చగలిగింది కాదు. రెండు సందర్భాలలోనూ తగవుకు మూలం ఒక్కటే: ఓటరు ఇంటి గుట్టు రాసివున్న జాబితా. ప్రకటనల భాండారంలో వెతికితే ప్రకటన దొరుకుతుంది, ఖర్చు సుమారుగా దొరుకుతుంది, ఏ వయసువారు ఏ రాష్ట్రంవారు చూశారో దొరుకుతుంది. నా నెంబరు వాళ్ల జాబితాలోకి ఎట్లా వచ్చిందో మాత్రం దొరకదు.

పేరు చెప్పమని అడగడం పాలకుల అలవాటు కాదా, మనం ఆ గొంతు ఎట్లా కలుపుతాం అని మిత్రులు ప్రశ్నించవచ్చు. ఈ అభ్యంతరం తేలికగా తోసివేయదగింది కాదు. ప్రతి ముద్రిత పుస్తకం మీదా, పత్రం మీదా ముద్రాపకుని పేరూ స్థలమూ వుండాలన్న నిబంధన 1867 నాటి బ్రిటిష్ చట్టంలోనే వుంది. పాలకులకు అది నిఘా సాధనంగా పనికివచ్చింది. రహస్యంగా అచ్చయిన కాగితాలు లేకుండా మన జాతీయోద్యమ చరిత్రగాని, కమ్యూనిస్టు ఉద్యమ చరిత్రగాని లేదు. ప్రభుత్వానికి ప్రతి సందేశం మూలం పట్టుకునే అధికారం ఇస్తే, అది ముందుగా పట్టుకునేది కోటీశ్వరుడి ప్రకటన సంస్థను కాదు, ఇసుక లారీల మీద నాలుగు వాక్యాలు రాసిన ఊరి కుర్రవాడిని.

అందుకే 127ఎ సెక్షన్‌లోని ఆ పాత గీత నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. చేతితో రాసుకున్నవాడిని వదిలి, ప్రతులు పెంచే సాధనాన్ని కొనుక్కున్నవాడిని అడగాలి. మాట్లాడేవాడు పేరు చెప్పనక్కరలేదు. శ్రోతలను కొనుక్కునేవాడు చెప్పాలి. డబ్బు ఎవరిది, ఎంత, ఏ జాబితా ఆధారంగా ఎవరిని ఎంచుకున్నాడు, అదే సమయంలో మరెవరికి మరేం చెబుతున్నాడు, ఇవి బహిరంగం కావాలి. అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తుల వివరాలు తెలుసుకునే హక్కు ఓటరుకు వున్నదని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది; పార్టీలకు డబ్బిచ్చినవారి పేర్లు దాచే ఎన్నికల బాండ్లు రాజ్యాంగ విరుద్ధమని 2024 ఫిబ్రవరి 15న చెప్పింది. ఆ తర్కాన్ని మరో అడుగు ముందుకు వేయించడమే ఇది.

మారుపేరుకూ ఆనవాలు లేకపోవడానికీ తేడా వుందని సాహిత్య విద్యార్థులకు వేరే చెప్పాలా? 1965లో దిగంబర కవులు కన్నవారిచ్చిన పేర్లు వదిలి కొత్త పేర్లు పెట్టుకున్నారు. ఆ పేర్లకు ముఖాలున్నాయి. బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యాడు, చెరబండరాజుగానే జైలుకు పోయాడు. అంతకు మూడు దశాబ్దాల ముందు, 1932 చివర వెలువడిన ‘అంగారే’ ఉర్దూ కథల సంపుటాన్ని సంయుక్త పరగణాల ప్రభుత్వం 1933లో నిషేధించినప్పుడు, సజ్జాద్ జహీర్, అహ్మద్ అలీ, రషీద్ జహాన్, మహ్ముదుజ్జఫర్ పేర్లు పుస్తకం మీదే వున్నాయి. వారు క్షమాపణ చెప్పుకోలేదు. అభ్యుదయ రచయితల ఉద్యమానికి బీజం ఆ సంపుటంలో వున్నదంటారు. మారుపేరు రచయితకు రెండో సంతకం. ఎన్నికల తర్వాత చెరిపివేసే పేజీ పేరు ఏ సంతకమూ కాదు.

ఐరోపా దేశాలలో ఇటీవల జరిగినదాన్ని ఈ సందర్భంలో చూడాలి. రుమేనియాలో 2024 నవంబరు నాటి అధ్యక్ష ఎన్నిక తొలి విడతలో, ప్రచారానికి తాను పెట్టిన ఖర్చు సున్నా అని లెక్క చూపించిన అభ్యర్థి టిక్‌టాక్ వీడియోల ఊపులో మొదటి స్థానంలో నిలిచాడు. డిసెంబరు 6న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఎన్నికనే రద్దుచేసింది. వక్త తెలియని ప్రచారం వల్ల ఎన్నిక పోయింది. ఓటు వేసిన జనం మాట గూడా దాంతోబాటే పోయింది. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన రాజకీయ ప్రకటనల చట్టం 2025 అక్టోబరు 10 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. ప్రకటన మీద డబ్బు కట్టినవారి పేరు, మొత్తం, అది ఏ ఎన్నికకు సంబంధించింది, శ్రోతలను ఏరుకున్నారా లేదా అన్నది కనపడాలి. జాతి, మతం, రాజకీయాభిప్రాయం వంటి వివరాల ఆధారంగా మనుషులను ఏరడం నిషిద్ధం. ఫలితం ఏమిటి? గూగుల్, ఫేస్‌బుక్‌ల యాజమాన్యాలు ఆ చట్టం ఆచరణకు కష్టమనీ అస్పష్టమనీ చెప్పి, అక్కడ రాజకీయ ప్రకటనలు తీసుకోవడమే మానివేశాయి. వివరాలు చెప్పి అమ్మడంకంటే అంగడి కట్టివేయడమే వాటికి నయమనిపించింది. ఇది విజయమని కొందరు సంబరపడ్డారు గాని, డబ్బు కట్టినట్టు కనపడని ప్రచారం ఎక్కడికీ పోలేదు. చిన్న పార్టీల చేతిలో వున్న చవక సాధనం మాత్రం పోయింది.

మనదేశంలో ఎన్నికల సంఘం దృష్టి ఇప్పుడు కృత్రిమ మేధతో తయారయ్యే బొమ్మల మీద, గొంతుల మీద వుంది. అటువంటి తప్పుడు వీడియోలు తమ దృష్టికి వచ్చిన మూడు గంటల్లో తీసివేయాలని 2024 మేలో పార్టీలకు చెప్పింది. కృత్రిమమని గుర్తు వేయాలని 2025 జనవరిలో చెప్పింది. ఆ గుర్తు బొమ్మలో కనీసం పదోవంతు మేర వుండాలనీ, తయారుచేసినవారి పేరు వుండాలనీ అదే ఏడాది అక్టోబరులో చెప్పింది. గుర్తు వేసినంత మాత్రాన ప్రశ్న తీరదు. 2018లో మరణించిన కరుణానిధి 2024 జనవరిలో ఒక పుస్తకావిష్కరణ సభలో తెరమీద కనిపించి ప్రసంగించారు. అది యంత్రం చేసిన రూపమని అందరికీ తెలుసు, అక్కడ ఎవరూ మోసపోలేదు. కాని 1952 నాటి ‘పరాశక్తి’ సినిమాకు సంభాషణలు రాసి, తమిళనాట మాటకు రాజకీయశక్తి ఎంతో చూపించిన రచయిత ఆయన. ఆ రచయిత నోట ఆ రోజు వచ్చిన వాక్యాలు ఎవరు రాశారు? వేదిక మీద ఆ పేరు లేదు.

ఈ ప్రశ్న తమిళనాడుతో ఆగదు. మన ఫోన్లలోకి వస్తున్న తెలుగు సందేశాలు ఎవరు రాస్తున్నారు? తెలుగు ఎం.ఏ. చేసి, టీచరు పోస్టుల ప్రకటనకోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న మన పిల్లలే రాస్తున్నారు. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు రెండు ఎన్నికలకు ఈ పని చేశాడు. మంచి వచనం రాస్తాడు, రెండు కథలు అచ్చయ్యాయి. సందేశానికింత అని కూలి. ఏ మాండలికంలో రాయాలి, చదివేది ఆడవాళ్లా మగవాళ్లా, వయసెంత, ఇంతవరకే చెబుతారు. తన వాక్యం ఏ పేజీలో ఏ పేరుతో వెలువడుతుందో చెప్పరు. వాడు చూపించిన ఒప్పంద కాగితంలో పని ఇచ్చిన రాజకీయపక్షం పేరు ఎక్కడా లేదు. తాను రాసినదాన్ని తనదని బయట చెప్పరాదన్న షరతు మాత్రం స్పష్టంగా వుంది.

ఈ పని చేయవద్దని నేను వాడికి చెప్పలేదు. బియ్యం కొనుక్కోవాలి. సినిమాకు రాసేవాడినీ ప్రకటన సంస్థకు రాసేవాడినీ సంఘంలో చేర్చుకున్న మనం ఇతన్ని వెలివేయలేం. ఐతే సంఘం చేయగలిగిన పని ఒకటుంది. తన రాత ఎవరికోసం, ఎవరి పేరుతో పోతున్నదో ముందుగా రాతపూర్వకంగా తెలుసుకునే హక్కును, ఇష్టం లేకపోతే కూలి పోగొట్టుకోకుండా తప్పుకునే హక్కును ఈ రచయితల తరఫున అడగవచ్చు. పత్రికా రచయితల వేతనాల గురించీ, రేడియో కళాకారుల పారితోషికాల గురించీ తీర్మానాలు చేసిన అనుభవం మనకుంది. ఇటువంటి ఒప్పంద కాగితాలు దొరికినవారు పేర్లు కొట్టివేసి సంఘ కార్యాలయానికి పంపితే, తీర్మానం ముసాయిదాకు అవి పనికివస్తాయి.